*పి++ : 18 కేబీ మెషీన్ దగ్గర మొదలైన కథ



ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ముక్క గురించి. స్టార్ పి ప్లస్ ప్లస్. రాస్తే నాలుగే అక్షరాలు: *పి++. ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకి, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నవాళ్లకి, ఏదో ఒక రోజు సి క్లాసులో ఇది ఎదురవుతుంది. ముందు స్టార్ పని చేస్తుందా, ముందు ప్లస్ ప్లస్ పని చేస్తుందా? పెరిగేది పాయింటరా, దాని దగ్గరున్న విలువా? నేను అడిగితే మా సార్ ప్రిసిడెన్స్ టేబుల్ చూపించారు. బట్టీ కొట్టాను. పరీక్షలో రాశాను. మర్చిపోయాను. ఇలాంటి వింత వస్తువు అసలు ఎందుకు పుట్టింది అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చిందో ముందు చెప్తాను.

ఫైనలియర్‌లో ఒక కంపెనీ రాతపరీక్షకి మా హాస్టల్ నుంచి పది మందిమి వెళ్లాం. అందులో ఒక ప్రశ్న. ఐ విలువ 5. అప్పుడు ++ఐ + ++ఐ + ++ఐ ఎంత? ఆప్షన్లు నాలుగు: 21, 22, 24, "చెప్పలేం". నేను 24 టిక్ పెట్టాను. ఎందుకంటే మా ల్యాబ్‌లో, ఆ నీలం రంగు టర్బో సి స్క్రీన్ మీద, 24 రావడం నా కళ్లతో చూశాను. నా రూమ్మేట్ "చెప్పలేం" అని పెట్టాడు. కీలో జవాబు 24. వాడికి కటాఫ్‌కి ఒక్క మార్కు తక్కువైంది. నాకు సరిగ్గా కటాఫ్ వచ్చింది.

తర్వాత చాలా ఏళ్లకి తెలిసింది. వాడు రాసిందే కరెక్టు, నేను రాసింది తప్పు. ఆ మార్కు మీద నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. అందుకే ఈ కథ నాకు కాస్త సొంత వ్యవహారం లాంటిది.

సరే, వెనక్కి వెళ్దాం. 1969. అమెరికాలో న్యూజెర్సీ, మరీ హిల్. బెల్ ల్యాబ్స్. టెలిఫోన్ కంపెనీవాళ్ల పరిశోధనశాల అది. అప్పటిదాకా వాళ్లు మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో ఉన్నారు. ఆ ఏడాదే అందులోంచి బయటికొచ్చేశారు. కెన్ థాంప్సన్ అనే ఆయనకి ఒక మూల పెద్దగా ఎవరూ వాడకుండా పడున్న పాత మెషీన్ దొరికింది. దాని పేరు పీడీపీ-7. ఆయన ముందు దాని మీద స్పేస్ ట్రావెల్ అనే గేమ్ రాసుకున్నాడు. ఆ తర్వాత అదే మెషీన్ మీద యూనిక్స్ మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆ పీడీపీ-7 మెమరీ 8192 వర్డులు. ఒక్కో వర్డు 18 బిట్లు. గుణిస్తే 18 కేబీ. మొత్తం మెషీనే అది! మీ ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో దాంట్లో పట్టదు. మీ ఫోన్లో 8 జీబీ ర్యామ్ ఉందనుకుంటే, అది ఆ మెషీన్‌కి సుమారు 4 లక్షల 66 వేల రెట్లు. ఆ 18 కేబీలోనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, కంపైలర్ ఉండాలి, మీ ప్రోగ్రామ్ ఉండాలి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా కథ మొత్తం దీంట్లోంచే వస్తుంది.

థాంప్సన్‌కి సిస్టమ్ రాయడానికి ఒక భాష కావాలి. కేంబ్రిడ్జ్ వాడు మార్టిన్ రిచర్డ్స్ 1960ల్లో బీసీపీఎల్ అనే భాష తయారుచేశాడు. దాన్ని ఈ చిన్న మెషీన్‌లో పట్టేలా నొక్కి, కుదించి థాంప్సన్ ఒక భాష చేశాడు. దాని పేరు బి. సి కంటే ముందు బి. అవును, అంత సింపుల్‌గానే పేర్లు పెట్టేవాళ్లు.

ఆ బి భాషలో టైపులు లేవు. ఇంట్ లేదు, క్యార్ లేదు, ఫ్లోట్ లేదు. ఉన్నది ఒక్కటే: వర్డు. మెమరీ అంటే వరసగా పెట్టిన గళ్లు. గడి 0, గడి 1, గడి 2. పాయింటర్ అంటే ఏమీ లేదు, ఆ గడి నంబరే. మామూలు అంకె. దానికి 1 కలిపితే పక్క గడి. అంతకంటే తిరకాసు లేదు. అర్రేలో ఐ-వ ఎలిమెంట్ కావాలంటే, అర్రే మొదలైన గడి నంబరుకి ఐ కలిపి, అక్కడున్నది తీసుకో. ఇప్పటికీ సిలో ఎ[ఐ] అంటే *(ఎ+ఐ) మాత్రమే. అందుకే 2[ఎ] అని తలకిందులుగా రాసినా సిలో కంపైల్ అవుతుంది, ఎ[2] అన్నట్టే పని చేస్తుంది. నమ్మకపోతే ఫోన్లో ఏదైనా సి కంపైలర్ యాప్ ఉంటే ఇప్పుడే చూసుకోండి. అర్రే లెక్క సున్నా నుంచి ఎందుకు మొదలవుతుందో కూడా ఇక్కడే ఉంది. ఆ అంకె ఎలిమెంట్ క్రమసంఖ్య కాదు, మొదటి గడి నుంచి ఎంత దూరమో ఆ దూరం.

ఇప్పుడు ప్లస్ ప్లస్ దగ్గరికొద్దాం.

దీని గురించి ఒక పుకారు ఉంది. చాలామంది సార్లు కూడా చెప్తారు. "పీడీపీ-11 అనే మెషీన్‌లో ఆటో ఇంక్రిమెంట్ అని ఒక సదుపాయం ఉండేది, దాన్ని వాడుకోవడానికే ప్లస్ ప్లస్ పెట్టారు" అని. నేనూ చాలా ఏళ్లు ఇదే చెప్పాను. కానీ సి భాషని తయారుచేసిన డెనిస్ రిచీ 1993లో సి ఎలా పుట్టిందో స్వయంగా ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఈ పుకారుని నేరుగా కొట్టిపారేశాడు. బి భాషలో ప్లస్ ప్లస్ వచ్చేటప్పటికి పీడీపీ-11 అనేదే లేదు, ఇంక ఎలా కుదురుతుంది అని.

మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత పీడీపీ-7లో కొన్ని ప్రత్యేకమైన గళ్లు ఉండేవి. ఎనిమిది. ఆ గడిలో ఒక అడ్రస్ పెట్టి, దాని ద్వారా మెమరీని అడిగితే, ఆ గడిలో ఉన్న అంకె దానంతట అదే ఒకటి పెరిగేది. బహుశా థాంప్సన్‌కి ఆలోచన తట్టింది దాన్ని చూసే అని రిచీ అంటాడు. కానీ ముందు పెంచి వాడటం, వాడి పెంచటం, ఈ రెండు రకాలుగా విడదీసింది మాత్రం థాంప్సన్ సొంత బుర్ర. ఇంకో తమాషా ఏంటంటే, బి కంపైలర్ ఆ ప్రత్యేక గళ్లని అసలు వాడుకోనేలేదు. థాంప్సన్ చూసిన లాభం వేరే. ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తే కంపైలర్ ఇచ్చే కోడ్ కంటే, ++ఎక్స్ అని రాస్తే వచ్చే కోడ్ చిన్నది. 18 కేబీలో బతికేవాడికి అదే పండగ.

ఇంతే! మనం ప్రిసిడెన్స్ టేబుళ్లు బట్టీ కొట్టింది, ఒకాయన చోటు మిగుల్చుకోవడానికి పెట్టుకున్న సంక్షిప్త రూపాన్ని.

దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు కంప్యూటర్ కంటే పెళ్లి భోజనాలు ఎక్కువ పనికొచ్చాయి. బంతి భోజనం ఊహించుకోండి. నేల మీద వరసగా విస్తళ్లు. లడ్డూల బుట్ట పట్టుకుని ఒక కుర్రాడు. ఆ కుర్రాడే పాయింటర్. *పి++ అంటే, ఇప్పుడు నిల్చున్న విస్తరి పని చూసుకుని, ఆ తర్వాత పక్క విస్తరి దగ్గరికి జరగడం. *++పి అంటే, ముందు పక్కకి జరిగి, అక్కడ పని చేయడం. మొదటి విస్తరి వాడికి లడ్డూ లేదన్నమాట! ఇంక (*పి)++ అని బ్రాకెట్ పెడితే, కుర్రాడు అంగుళం కూడా కదలడు. అదే విస్తట్లో ఇంకో లడ్డూ వేస్తాడు. బ్రాకెట్ లేనప్పుడు ప్లస్ ప్లస్ తగులుకునేది కుర్రాడికి, లడ్డూకి కాదు. నాలుగేళ్లు నేను తలకిందులు పడింది ఈ ఒక్క తేడా దగ్గరే.

కానీ ఇంకో చిక్కు మిగిలింది. మా ల్యాబ్‌లో అందరం జుట్టు పీక్కున్నది దీనికే. పాయింటర్‌లో 1000 ఉంది. ఒకటి కలిపాం. 1001 రావాలి కదా? 1002 వచ్చింది. మీ ఫోన్లో చేస్తే 1004 వస్తుంది. వెయ్యికి ఒకటి కలిపితే వెయ్యిన్నాలుగు ఏంటి? "ఇంట్ సైజు రెండు బైట్లు కాబట్టి" అన్నారు సార్. నిజమే. కానీ అది ఎలా అవుతుందో చెప్పడం, ఎందుకు అలా పెట్టారో చెప్పడం కాదు.

ఎందుకో చెప్తాను. 1970లో బెల్ ల్యాబ్స్‌కి కొత్త మెషీన్ వచ్చింది. ఇందాక చెప్పిన పీడీపీ-11. మెమరీ 24 కేబీ. దీనికీ పాతదానికీ పెద్ద తేడా ఒకటుంది. పాతదాంట్లో అడ్రస్ నంబర్లు వర్డులకి. కొత్తదాంట్లో ప్రతి బైటుకీ ఒక నంబరు. ఒక వర్డు అంటే రెండు బైట్లు. అంటే వర్డుల అడ్రసులు 0, 2, 4, 6 అని పోతాయి. బి భాషలో మాత్రం పాయింటర్ అంటే వర్డు నంబరు: 0, 1, 2, 3. ఇప్పుడు ఏమైంది? పాయింటర్ పట్టుకుని మెమరీ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, ప్రోగ్రామ్ నడుస్తుండగా, దాన్ని రెండుతో గుణించి బైట్ అడ్రస్ చేయాలి. వెళ్లిన ప్రతిసారీ! పాత వీధిలో ఇంటి నంబర్లు మార్చేశారు, పోస్ట్‌మ్యాన్ దగ్గర మాత్రం పాత లిస్టే ఉంది. ప్రతి ఉత్తరానికీ లెక్క కట్టుకుంటూ తిరుగుతున్నాడు. పైగా ఆ మెషీన్ అక్షరాల్ని ఒక్కో బైటుగా చక్కగా పట్టుకోగలదు, బి భాషకేమో వర్డు తప్ప ఇంకోటి తెలీదు.

రిచీ 1971లో దీన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు దాన్ని న్యూ బి అన్నారు. క్యార్, ఇంట్ అని టైపులు పెట్టాడు. పాయింటర్‌లో ఇకనుంచి మెషీన్‌కి కావలసిన అసలు బైట్ అడ్రసే ఉంటుంది. మరి "ఒకటి కలిపితే పక్కది" అన్న పాత అలవాటు? అప్పటికే రాసిన ప్రోగ్రాములన్నీ ఆ అలవాటు మీదే ఉన్నాయి. ఆ అలవాటుని చెడగొట్టలేదు. పాయింటర్ దేన్ని చూపిస్తుందో కంపైలర్‌కి ఇప్పుడు తెలుసు. కాబట్టి మీరు ఒకటి కలపమంటే, అది ఒక ఎలిమెంట్ ఎన్ని బైట్లో అన్ని కలుపుతుంది. అదీ మన 1002. రెండు కలిపినట్టు కనిపిస్తుంది గానీ, ఇప్పటికీ అర్థం "పక్క గడి" అనే. విస్తరి పెద్దదైతే కుర్రాడి అడుగూ పెద్దది. చిన్న దొన్నె అయితే చిన్న అడుగు. వాడికి మాత్రం మనం చెప్పేది ఒకటే, "పక్కదానికి పో".

నాకైతే ఈ కథలో బాగా నచ్చే ఘట్టం ఇదే. సిలో టైపులు అంటే ఏదో తప్పులు పట్టుకోవడానికి పెట్టిన కాపలా అనుకుంటాం. పాయింటర్ విషయంలో ముందు చేసిన పని అది కాదు. అడుగు పొడవు చెప్పడం.

ఇక తమాషా. ఆ పీడీపీ-11లో నిజంగానే ఆటో ఇంక్రిమెంట్ ఉంది. బైట్ మీద వాడితే ఒకటి, వర్డు మీద వాడితే రెండు పెరుగుతుంది. అచ్చం సి పాయింటర్ లాగే. పైగా ఆ మెషీన్‌లో ఉన్నవి వాడాక పెంచడం, తగ్గించాక వాడడం. అంటే *పి++, *--పి. రెండూ అతికినట్టు సరిపోయాయి. ఒక స్ట్రింగ్‌ని కాపీ చేయడానికి సిలో పాతకాలం నుంచీ ఉన్న ఒక లైను ఉంది: వైల్ (*ఎస్++ = *టి++). లూప్ లోపల ఏమీ రాయక్కర్లేదు. పీడీపీ-11లో ఆ లూప్ రెండే రెండు ఇన్‌స్ట్రక్షన్లు. ఒకటి బైట్‌ని జరుపుతుంది, రెండోది సున్నా వచ్చిందేమో చూసి రాకపోతే వెనక్కి తిప్పుతుంది. ఇంత బాగా కుదిరిపోతే, దీనికోసమే దాన్ని పెట్టారు అని జనం అనుకోవడంలో తప్పేముంది? పుకారు అందుకే బతికింది.

1973 నాటికి సి ముఖ్యమైన రూపానికొచ్చింది. ఆ ఎండాకాలంలో యూనిక్స్ కెర్నల్‌ని సిలో తిరగరాశారు. తర్వాత కథ మీకు తెలుసు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్న లైనక్స్ కెర్నల్ కూడా ఎక్కువభాగం సినే.

ఇందాకటి కాపీ లూప్‌ని ఇంకోసారి చూడండి. కుర్రాడు ఎప్పుడు ఆగాలి? సున్నా కనిపించినప్పుడు. బంతిలో చివర ఒక ఖాళీ విస్తరి వేసి, "అది కనిపిస్తే ఆగు" అని చెప్పినట్టు. నిజానికి బీసీపీఎల్‌లో ఇలా ఉండేది కాదు. స్ట్రింగ్ మొదట్లోనే పొడవు రాసి ఉండేది. "ఈ బంతిలో 40 విస్తళ్లు" అని ముందే బోర్డు. పొడవు రాయడానికి ఉన్న చోటు చిన్నది కాబట్టి స్ట్రింగ్ పొడవుకి ఒక హద్దు పడేది. లెక్క పట్టుకుని తిరగడం కూడా ఇబ్బంది అనిపించింది. అందుకని బిలో దాన్ని తీసేసి చివర్లో గుర్తు పెట్టారు. సికి అదే వచ్చింది. చిన్న నిర్ణయం. బెల్ ల్యాబ్స్‌లో ఉన్నవాళ్లు కొద్దిమంది, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, అందరూ జాగ్రత్తపరులు. ఏమవుతుందిలే?

1988 నవంబర్ 2న ఏమవుతుందో తెలిసింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామ్ వదిలాడు. అప్పటి ఇంటర్నెట్ మీద మెషీన్ నుంచి మెషీన్‌కి పాకింది. అది లోపలికి దూరే దారుల్లో ఒకటి ఫింగర్ అనే చిన్న సర్వీసు. ఎవరి పేరైనా పంపిస్తే వాళ్ల వివరాలు చెప్పేది. వచ్చిన పేరు పెట్టుకోవడానికి 512 బైట్ల చోటు ఉంచుకుంది. చదవడానికి వాడింది సిలోని గెట్స్ అనే ఫంక్షన్. గెట్స్‌కి ఎంత చోటుందో చెప్పే వీలే లేదు. లైను అయిపోయేదాకా ఒక్కో అక్షరం పెడుతూ, పక్కకి జరుగుతూ పోవడమే దాని పని. మోరిస్ పంపింది 536 బైట్లు. 24 బైట్లు ఎక్కువ. కుర్రాడు బంతి దాటాడు, పందిరి దాటాడు, పక్కింటి గుమ్మంలో లడ్డూలు పెట్టాడు. ఆ గుమ్మంలో ఉన్నది, ఫంక్షన్ అయిపోయాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రస్. దాన్ని మార్చేస్తే మెషీన్ మీ చేతిలోకి వచ్చినట్టే. దాదాపు 6,000 కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పటి అంచనా. మోరిస్‌కి ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, జరిమానా పడ్డాయి. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. వాళ్ల నాన్న పేరు కూడా రాబర్ట్ మోరిసే. ఆయన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసినవాడు, థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ పాస్‌వర్డుల భద్రత మీద పేపర్ రాసినవాడు!

గెట్స్‌ని సి స్టాండర్డ్‌లోంచి పూర్తిగా తీసేసింది 2011లో. ఇరవై మూడేళ్లు పట్టింది. మా సెకండియర్ ల్యాబ్ మాన్యువల్లో స్ట్రింగ్ చదివే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ గెట్సే ఉండేది, ఏ ఒక్కరూ "ఇది వాడకండిరా" అనలేదు. ఈ రకం తప్పులు ఇంకా పోలేదు. గూగుల్ లెక్క ప్రకారం 2019లో ఆండ్రాయిడ్‌లో దొరికిన సెక్యూరిటీ లోపాల్లో 76 శాతం మెమరీకి సంబంధించినవే. కొత్త కోడ్‌ని రస్ట్ లాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక 2024కి అది 24 శాతానికి తగ్గింది. నెలనెలా మీ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వస్తే "రిమైండ్ మీ లేటర్" నొక్కుతాం కదా, అందులో ఈ పందిరి దాటిన కుర్రాళ్ల బాపతు ఎన్నో ఉంటాయి.

ఇప్పుడు నా రూమ్మేట్ మార్కు దగ్గరికి వద్దాం.

సి ఒక మెషీన్ మీద పుట్టినా, 1980ల నాటికి రకరకాల మెషీన్ల మీదికి వెళ్లింది. ఒక్కో కంపెనీ ఒక్కో కంపైలర్ రాసింది. ఒకే లైనులో ఒక వేరియబుల్‌ని రెండు మూడుసార్లు పెంచితే, ఆ పెంచడం సరిగ్గా ఏ క్షణంలో జరగాలి? ఒక కంపైలర్ ఒకలా చేసింది, ఇంకోటి ఇంకోలా చేసింది. 1989లో స్టాండర్డ్ రాసినవాళ్లు ఇందులో ఒకరిది ఒప్పు, ఒకరిది తప్పు అనలేదు. "ఇలా రాస్తే ఏం జరుగుతుందో మేము చెప్పం, రాసినవాడిదే బాధ్యత" అన్నారు. ఇంగ్లీషులో దానికే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అని పేరు. పాయింటర్‌కీ అంతే. అర్రే లోపల తిరగొచ్చు, చివరిదాని తర్వాత ఒక్క అడుగు దాకా అడ్రస్ లెక్కపెట్టొచ్చు. అది దాటితే అక్కడున్నది చదవడమే కాదు, అడ్రస్ లెక్కపెట్టడమే అన్‌డిఫైన్డ్.

ఐ = 5 తో ++ఐ + ++ఐ + ++ఐ ని మా టర్బో సి ఏం చేసింది? మూడుసార్లు పెంచేసి, ఐ 8 అయ్యాక, 8 + 8 + 8 అంది. 24. జీసీసీలో నేను చూసినప్పుడు 22 వచ్చింది. మొదటి రెండూ పెంచి 7 + 7, తర్వాత మూడోది పెంచి 8. జావా వాళ్లు మాత్రం ఎడమనుంచి కుడికి అని రూలు గట్టిగా రాసుకున్నారు కాబట్టి అక్కడ 6 + 7 + 8, ఎప్పుడైనా 21. ఆ ప్రశ్నపత్రంలో ఆప్షన్లు చూశారా, మూడూ ఉన్నాయి! ఎవరు తయారుచేశారో గానీ, మూడు జవాబులు వస్తాయని వాళ్లకీ తెలిసే ఉంటుందని నా అనుమానం.

అంతకంటే బాధేంటంటే, ఇది 1989 దాకా ఎవరికీ తెలియని సంగతి కాదు. కెర్నిహాన్, రిచీ కలిసి రాసిన సి పుస్తకం 1978లో వచ్చింది. అందులోనే ఇలాంటి లైను ఒకటి చూపించి, దీనికి ఏ జవాబు వస్తుందో కంపైలర్ మీద ఆధారపడి ఉంటుంది, రాయకండి అని హెచ్చరించారు. భాష తయారుచేసినవాడు వద్దన్నదాన్ని మనం పాతికేళ్ల తర్వాత పరీక్షలో అడిగి, ఉద్యోగాలు ఇచ్చాం, తీసేశాం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో అప్పట్లో ఇలాంటి ప్రశ్నల నోట్సులు దొరికేవి. నేనూ కొన్నాను. ఆ జవాబులన్నీ 1980ల చివర్లో డాస్ కోసం వచ్చిన టర్బో సి ఇచ్చిన జవాబులు. ఆ ఒక్క కంపైలర్ అలవాట్లనే సి భాష రూల్స్ అనుకుని ఒక తరం మొత్తం బట్టీ కొట్టాం.

మీలో రేపో మాపో ప్లేస్‌మెంట్ పరీక్ష ఉన్నవాళ్లు అడుగుతారు, "మరి ఇలాంటిది వస్తే ఏం పెట్టాలి అన్నా?" అని. ఆప్షన్లలో అన్‌డిఫైన్డ్ అని ఉంటే అదే పెట్టండి. లేకపోతే వాళ్లు ఏ కంపైలర్ వాడతారో కనుక్కోవడం తప్ప దారి లేదు, అది సి పరీక్ష కాదు, జాతకం. అదే ఇంటర్వ్యూలో నోటితో అడిగితే మాత్రం, "ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఐ ని ఒకటికంటే ఎక్కువసార్లు మారుస్తున్నారు కాబట్టి స్టాండర్డ్ జవాబు ఇవ్వదు" అని కారణంతో సహా చెప్పండి. తెలిసిన ఇంటర్వ్యూయర్‌కి ఆ ఒక్క వాక్యం చాలు. తెలియనివాడైతే మీ అదృష్టం.

నా రూమ్మేట్‌కి ఈ ఎపిసోడ్ చేసే ముందు ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు సాఫ్ట్‌వేర్‌లో లేడు, సొంతూళ్లో రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. 1978 పుస్తకం సంగతి చెప్పాను. "అది చదివే కదరా ఆ రోజు పెట్టాను, లైబ్రరీలో ఉండేది" అన్నాడు. నేను లైబ్రరీకి వెళ్లలేదు, జెరాక్స్ షాపుకి వెళ్లాను. ఇంకేం మాట్లాడాలో తెలీక చెరువుల గురించి అడిగాను.

చివరగా ఒక్క సంగతి. 2007లో గూగుల్‌లో ముగ్గురు కూర్చుని కొత్త భాష ఒకటి మొదలుపెట్టారు. గో అని పేరు. 2009లో బయటపెట్టారు. అందులో పాయింటర్లు ఉన్నాయి, కానీ మామూలుగా వాటికి ఒకటి కలపడం కుదరదు. ఐ++ ఉంది, కానీ అది విడిగా ఒక లైను మీద రాసుకోవాలి, దానికి విలువ ఉండదు, ఇంకో లెక్కలో ఇరికించలేరు. ++ఐ అసలు లేనే లేదు. నా ప్రశ్నపత్రంలోని ఆ లైను గోలో రాస్తే కంపైల్ కూడా కాదు. కారణం ఏం చెప్పారంటే, ఒకటి భద్రత, రెండు, ఇప్పటి కంపైలర్లు, మెషీన్లు బాగా ముదిరాయి కాబట్టి పాయింటర్ జరుపుకుంటూ పోయినా, అర్రే ఇండెక్స్‌తో పోయినా వేగం ఒకటే. పాయింటర్ జరపడమే లేనప్పుడు ప్లస్ ప్లస్‌తో అంత పనేముంది?

ఆ ముగ్గురిలో ఒకాయన పేరు కెన్ థాంప్సన్. పీడీపీ-7 దగ్గర కూర్చుని ప్లస్ ప్లస్ రాసిన ఆ కెన్ థాంప్సనే.

సరే, ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.